సువార్త కొన్న పెద్ద బండి

రాయదుర్గంలో జీన్స్ ప్యాంట్లు కుట్టే ఆడవాళ్లలో సువార్తను ఎరగనివాళ్లు తక్కువ. నలభై దాటిన మనిషి. మాట కొంచెం గట్టి, చేతులు ఇంకా గట్టి. ఇరవై ఏళ్లకు పైగా మిషన్ ముందు కూర్చుని ప్యాంట్లకు పక్క కుట్లు వేసింది. మధ్యలో కొన్నేళ్లు టీవీఎస్ ఎక్సెల్ మీద కత్తిరించిన గుడ్డ మూటలు వేసుకుని, ఇళ్లలో కుట్టేవాళ్లకు పంచి వచ్చేది. వర్షానికీ ఎండకూ ఆ చిన్న బండి మీదే తిరిగింది. ఆమె భర్త ఇమ్మానుయేల్ ప్యాంట్లు ఉతికే యూనిట్లో పనిచేస్తాడు. కూతురు గౌతమి అనంతపురంలో నర్సు.

ఒక ఏడాది ఆమె కుట్టే యూనిట్‌కు కొత్తరకం ఆర్డరు వచ్చింది. దళసరి గుడ్డ, మోకాళ్ల దగ్గర లోపల జేబు, ఆ జేబులో మెత్త పెట్టుకోవాలట. సూదులు రోజుకు నాలుగు విరిగేవి. సువార్త విసుక్కుని మాస్టర్‌ను అడిగింది: "ఇవి యెవురేసుకుంటారన్నా? మోకాళ్ల మీద నడిచేవాళ్లా?"

మాస్టర్ నవ్వి ఫోన్‌లో ఒక వీడియో చూపించాడు. రెండు పక్కలా మంచు గోడలు, మధ్యలో సన్నటి దారి, ఆ దారిన వరుసగా పెద్ద పెద్ద మోటారు సైకిళ్లు. ఒక బండి ఆగింది. నడిపే మనిషి హెల్మెట్ తీసింది. ఆడమనిషి. తల సగం నెరిసింది. కాళ్లకు సువార్త కుట్టేలాంటి ప్యాంటే.

"ఆ పొద్దు నుంచి నాకేమైందో తెలీదు," అని నాతో చెప్పింది సువార్త. "నీలి గుడ్డ మీద కుట్టు పడతావుంటే రోడ్డు మధ్యన గీసిన గీత మాదిరి కనపడేది. అట్లే పోతావుండేదాన్ని."

ఆ గీత వెంట ఆమె మూడేళ్లు పోయింది. మరిది పెద్దన్న మెకానిక్. అతని షాపుకు రిపేరుకు వచ్చిన గేర్ల బళ్ల మీద, ఆదివారాలు కాలేజీ మైదానంలో నేర్చుకుంది. పడింది, లేచింది, లైసెన్స్ తీసుకుంది. గౌతమికి ఉద్యోగం వచ్చి ఇంటి బరువు కొంచెం తగ్గాక, దాచుకున్న డబ్బుతో పాత బండి ఒకటి వెతకమని పెద్దన్నకు చెప్పింది. దూరాలు పోయే బండే కావాలంది. ఇమ్మానుయేల్ అడ్డం చెప్పలేదు. ఆమె నిజంగా కొంటుందని అతను నమ్మలేదు, అంతే.

సోమందేపల్లెలో కొండదారులకు పనికొచ్చే హిమాలయన్ మోటారు సైకిల్ ఒకటి అమ్మకానికి ఉందని తెలిసింది. అక్టోబరు నెల. వారం రోజులుగా వానలు. ఆ ఆదివారం కొంచెం తెరిపి ఇవ్వగానే సువార్త హెల్మెట్ చేతిలో పట్టుకుని ఒక్కతే బస్సెక్కింది.

బండి యజమాని పేరు విజయభాస్కర్. ముప్పయ్యయిదేళ్లవాడు, హైవే పక్క ఫ్యాక్టరీలో పని. ఆ బండి మీద కాశ్మీరం దాకా పోయి వచ్చాడు. ఇప్పుడు నడుములో డిస్క్ జారింది. డాక్టరు బండి మానేయమన్నాడు. అమ్మే మనిషిలో ఉండే హుషారు అతనిలో లేదు. బండి మీద కప్పిన పట్టాను మెల్లగా తీశాడు.

సువార్త అనుకున్నదానికంటే బండి ఎత్తుగా ఉంది. పొడుగాటి కాళ్లున్న పశువులా, తల కొంచెం పక్కకు తిప్పి నిలబడి ఉంది. ట్యాంకు మీద గీతలు. ముందు చక్రం మీది రేకు ఒకచోట సొట్ట.

"యెవురికక్కా బండి? కొడుక్కా?"

"నాకే తమ్ముడూ."

విజయభాస్కర్ ఆమెను తల నుంచి కాళ్ల దాకా చూశాడు. తరువాత ఎవరూ చెయ్యని పని చేశాడు. బండిని పక్కకు వంచి, మెల్లగా నేలమీద పడుకోబెట్టాడు. వాకిట్లో ఎర్రమట్టి తడిసి ఉంది.

"లేపక్కా. నీకు లేపేకయితేనే ఇస్తా. దారిలో పడితే నేనుండను, మీ ఇంటాయన ఉండడు. దీన్ని లేపలేకుండా తీస్కపోతే నాకు పాపం తగుల్తాది."

సువార్త హ్యాండిల్ పట్టుకుని లాగింది. కదల్లేదు. ఇంకోసారి లాగింది. చేతులు జారాయి, బండి అట్లాగే ఉంది. అతను నవ్వలేదు.

"చేతులతో కాదక్కా. వెనక్కి తిరుగు. సీటుకు నడుము ఆనించు. ఒక చేయి హ్యాండిలు మీద, ఇంకోటి వెనక కమ్మీ మీద. ఇప్పుడు కాళ్లతో నడిచినట్టు వెనక్కి తొయ్యి."

ఆమె అట్లాగే చేసింది. బండికి వీపు ఆనించి, మడమలు మట్టిలో దిగేసి, చిన్న చిన్న అడుగులుగా తోసింది. వీపు వెనక ఏదో బరువైన ప్రాణి నిద్రలేచినట్టు బండి లేచింది. తిరిగి చూసింది. తాను లేపిందా దీన్ని?

"ఇంగోసారి పండబెట్టు," అంది.

రెండోసారి తేలిగ్గా లేచింది. విజయభాస్కర్ తాళంచెవి ఆమె చేతిలో పెట్టాడు. పేపర్ల పని అయ్యాక, బయలుదేరేముందు ట్యాంకు మీద ఒకసారి అరచేయి ఉంచి తీశాడు. ఆమె వీధి మలుపు తిరిగేదాకా గేటు దగ్గరే నిలబడ్డాడు.

హైవే ఎక్కాక మొదట్లో భయం. లారీలు పక్కనుంచి పోతుంటే గాలి బండిని నెట్టేది. కొంతదూరం పోయాక ఇంజను చప్పుడు గుండె చప్పుడులో కలిసిపోయింది. ఆ దారిన ఆమె చిన్నప్పుడు చాలాసార్లు పోయింది. అమ్మ నల్లమ్మతో, శెనక్కాయ పెరికే కూలికి, లారీ వెనక మూటల నడుమ. అప్పుడు వెనక్కి పోయే దారే కనపడేది. ఇప్పుడు దారి ఎదురొచ్చి చక్రం కిందికి దూరుతోంది. పెనుకొండ కొండ మీద మబ్బు ఆనుకుని ఉంది. కోటగోడలు నల్లగా తడిసి మెరుస్తున్నాయి.

అక్కడ ముందు వాహనాలు మెల్లగయ్యాయి. రోడ్డు మీద ఏదో తెల్లటిది అడ్డంగా ఉన్నట్టు అనిపించింది. దగ్గరికొస్తే గాలిమర రెక్క. ఒకే రెక్క. దాన్ని మోసే ట్రైలరు చీమలా పాకుతోంది. సువార్త దాని పక్కకు వచ్చింది. కొంతసేపటికి ముందు కొస కనపడలేదు, వెనక కొస కనపడలేదు. తన వీధి ఇళ్లన్నీ వరసగా పెడితే అంత ఉంటాయేమో. రాయదుర్గం చుట్టూ గుట్టల మీద ఈ రెక్కలు తిరగడం ఆమె ఏళ్ల తరబడి చూసింది. దూరం నుంచి అవి తిరనాళ్లలో అమ్మే కాగితపు గిరగిరల్లా ఉండేవి. మిద్దె మీద బట్టలు ఆరేస్తూ చూసిన గిరగిర ఇదా? దాన్ని దాటడానికి పట్టినంతసేపూ ఆమె నోరు తెరుచుకునే ఉంది. హెల్మెట్ లోపల కాబట్టి ఎవరికీ తెలియలేదు.

పెనుకొండలో హైవే దిగి రొద్దం దారి పట్టింది. ఇక అంతా వాన చూసిన నేల. ఎర్రమట్టి చేలల్లో నీళ్లు నిలిచి ఆకాశం అందులో పడుకుని ఉంది. శెనక్కాయ చేలు మునిగాయి, అది నష్టమే. కానీ ఎన్నడూ నిండని కుంటలు నిండాయి. కప్పల అరుపు ఇంజను చప్పుడును దాటి వినపడుతోంది.

పెన్న మీద డ్యాం ఉన్న పేరూరుకు ఇంకొంచెం దూరం ఉందనగా, ఒక ఊరి మొదట్లో కల్వర్టు మీద కూర్చున్న ముసలమ్మ చెయ్యి ఊపింది. సువార్త ఆపింది.

"నాయనా, డ్యాం కాడికి పోతాండావా? గేట్లెత్తినారంట. ఆటోలన్నీ నిండుకోని పాయె. నన్నెవురూ ఎక్కించుకోలే."

సువార్త హెల్మెట్ తీసింది. ముసలమ్మ ఉలిక్కిపడి, మళ్లీ చూసింది.

"అయ్యో, ఆడకూతురు! ఇంత బండి నువ్వే తోలుతాండావా?"

"నేనేవ్వా. ఎక్కగలవా?"

ఆమె పేరు చెన్నమ్మ. డెబ్బయి దాటి ఉంటాయి. ఊళ్లో పొలం ఉన్న ఇంటి మనిషని మెడలో గొలుసు, మాటలో జోరు చెబుతున్నాయి. కల్వర్టు గోడ మీద నిలబడి, సువార్త భుజం పట్టుకుని, పక్కకు తిరిగి కూర్చుంది. "గుర్రం మాదిరుండాది," అంది. బండి కదిలింది.

"పెండ్లయి వచ్చిన కొత్తల్లో ఒకసారి చూసినా గేట్లెత్తింది. మళ్లీ ఇదే. నువ్వు ఏ ఊరు పాపా? యెవురోళ్ల పిల్లవి?"

"పుట్టిండేది కంబదూరవ్వా. ఎస్సీ కాలనీ. నల్లమ్మ కూతుర్ని."

భుజం మీది చెయ్యి వెనక కమ్మీ మీదికి పోయింది. సువార్తకు అది కొత్త కాదు. దారిలో గుంత వచ్చింది, బండి ఎగిరింది, చెన్నమ్మ రెండు చేతులా ఆమె నడుము కరుచుకుంది. "మెల్లగ పోమ్మా, పడితే ఎముకల్యాకుండా పోతాయి!" ఆ తరువాత చేతులు తీయలేదు.

డ్యాం కనపడకముందే చప్పుడు వచ్చింది. సువార్త బండి ఇంజనుకు ఏమో అయిందనుకుంది. ఆపి, తాళం తిప్పింది. చప్పుడు ఆగలేదు. అది నేలలోంచి వస్తోంది. చెప్పుల కింద నుంచి పాదాలకు తెలుస్తోంది.

కట్ట దగ్గర వందలమంది ఉన్నారు. ఈ సీమలో అంతమంది ఒకచోట చేరితే ఎంత గోల ఉండాలి! అక్కడ గోల లేదు. ఫోన్లు తీసినవాళ్లు కూడా కాసేపటికి దించేసి ఊరికే నిలబడ్డారు. గేట్ల కింది నుంచి ఎర్రటి నీళ్లు దూకుతున్నాయి. దూకి, పడి, మళ్లీ మనిషెత్తు లేచి, తెల్లగా విరిగి, ముందుకు ఉరుకుతున్నాయి. తుంపర ముఖాలకు కొడుతోంది. చెన్నమ్మ కట్టకు ఇవతలే చెప్పులు విడిచింది.

సువార్తకు తెలిసిన పెన్న వేరు. కంబదూరు దగ్గర ఆమె పెరిగిన పెన్న అంటే ఇసుక. ఎండాకాలం తెల్లవారకముందే అమ్మతో పోయి ఆ ఇసుకలో చెలమ తీసేవాళ్లు. మోకాలి లోతు తవ్వి, నీరు ఊరేదాకా కూర్చుని, టెంకాయ చిప్పతో తోడేవాళ్లు. చిప్పలో సగం ఇసుకే వచ్చేది. బిందె నిండేసరికి పొద్దెక్కేది. నది అనే మాట పుస్తకంలో చదివినప్పుడు కూడా ఆమెకు ఇసుకే కనిపించేది. ఇప్పుడు ఆ చిప్పల నీళ్లు, ఆ బిందెల నీళ్లు, అన్నేళ్ల నీళ్లు ఒక్కసారిగా అప్పు తీర్చినట్టు కళ్లముందు పోతున్నాయి. ఏడవాలో నవ్వాలో తెలియలేదు. తన చేతిని ఎవరో గట్టిగా పట్టుకున్నారని కాసేపటికి గమనించింది. చెన్నమ్మ. ఆ చెయ్యి ఎవరిదన్న ఆలోచన అప్పుడు ఆ ముసలమ్మకు ఉన్నట్టు లేదు.

"ఇంగ చాలమ్మా," అంది చెన్నమ్మ. "ఇంగ నేను పోయినా చాలు."

"అట్లనద్దవ్వా. మళ్లీ ఏటికి నేనే తీస్కొస్తా."

డ్యాం కింద కంబదూరు పోయే దారి మునిగిపోయింది. పోలీసులు తాడు కట్టి ఆపేశారు. రామగిరి మీదుగా చుట్టు తిరిగి పోవాలన్నారు. సువార్త వెనక్కి తిప్పి చెన్నమ్మను ఊళ్లో దించింది. చెన్నమ్మ ఇంట్లోకి పోయి, చెంబు నిండా నీళ్లు, కొంగులో ఉడకబెట్టిన శెనక్కాయలు తెచ్చింది. ఇంట్లోకి రమ్మనలేదు. సువార్తకు అది తెలిసింది. కానీ శెనక్కాయలు వేడిగా ఉన్నాయి, ఉదయం నుంచి ఏమీ తినలేదు. అరుగు అంచున కూర్చుని తింది. చెన్నమ్మ వచ్చి పక్కనే కూర్చుంది. ఇద్దరి చెవుల్లో అదే చప్పుడు.

రాయదుర్గం చేరేసరికి పొద్దు గుంకుతోంది. వీధి వీధంతా బయటికి వచ్చింది. ఇమ్మానుయేల్ బండి చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు, సైలెన్సర్ ముట్టుకుని వేలు కాల్చుకున్నాడు, ఆ వేలు నోట్లో పెట్టుకునే అడిగాడు.

"నిజంగా నువ్వే తోలుకోనొచ్చినావా?"

"పెన్న పారతాంది," అంది సువార్త.

"నేనడిగిందేంది, నువ్వు చెప్పేదేంది?"

ఆమె మళ్లీ మొదలుపెట్టింది. నీళ్లు అంది, ఎర్రగా అంది, నేల అదురుతాంది అంది. మాటలు చాల్లేదు. "చెప్తే తెలీదప్పా. పొద్దున్నే పోదాం పా," అంది. మరుసటిరోజు ఇద్దరూ పనికి పోలేదు. అప్పటికి ఒక్క గేటే తెరిచి ఉంది. అయినా ఇమ్మానుయేల్ మధ్యాహ్నం దాకా కట్ట మీంచి కదలలేదు.

ఆ తరువాత సువార్త చాలా దూరాలు పోయింది. చెన్నమ్మ మరుసటి వానలకు లేదు. ఆ సంగతి సువార్తకు ఆ ఊరి అరుగు దగ్గర బండి ఆపాకే తెలిసింది.

పోయిన జనవరిలో మొగుణ్ణి వెనక కూర్చోబెట్టుకుని గండికోటకు పోయింది. కోట దాటి రాళ్ల మీద నడుచుకుంటూ పోతే, ఉన్నట్టుండి నేల ఆగిపోయింది. కింద, చాలా కింద, రెండు నిలువు కొండల నడుమ పెన్న పచ్చగా కదలకుండా ఉంది. ఒక గద్ద ఆమె పాదాలకు దిగువన ఎగురుతోంది. సువార్త బండ మీద బోర్లా పడుకుని, తల మాత్రం అంచు దాటించి చూసింది.

ఇమ్మానుయేల్ దూరంగా కూర్చుని చిత్రాన్నం పొట్లం విప్పాడు. తినేకి రమ్మని రెండుసార్లు పిలిచాడు. ఆమెకు వినపడలేదు.