ప్రింటులో తప్పు పడిన పుట్టినరోజు

ఈ రోజు మార్కాపురంలోని మా నెట్ సెంటర్‌లో ఒకామె పుట్టినరోజు తప్పు పడింది. అప్పటినుంచి నాకు కుదురు లేదు.

కొనకనమిట్ల వైపు నుంచి మరియమ్మక్క వచ్చింది. బడిలో ఆయా పనికి దరఖాస్తు పెట్టాలి, ఈ రోజే ఆఖరు. ఆమె వెనక ఇంకో నలుగురు నిలబడి ఉన్నారు. దరఖాస్తుకు జతచేయాల్సిన బయోడేటాలో, ఆధార్‌లో ఉన్నట్టే 01/06 అని టైపు చేస్తే, ప్రింటులో జనవరి 6 అని వచ్చింది. కొత్త కంప్యూటర్‌లో తేదీ అమెరికా పద్ధతిలో ఉంది, నెల ముందు, రోజు తర్వాత. ముందే చూసుకోనందుకు నన్ను నేనే తిట్టుకుంటూ సెట్టింగ్స్ తెరిచి దేశం ఇండియాగా మార్చాను.

"తప్పు పడిందక్కా. నువ్వు జనవరిలో పుట్టినట్టు వచ్చింది. మారుస్తా, ఉండు."

"అది తప్పెట్లయితాది నాయనా? కంది కోతలప్పుడు పుట్టినానని మాయమ్మ చెప్తా ఉండె. జూన్ ఒకటి అనేది బడిలో చేర్చుకునేటప్పుడు అయ్యవారు రాసినాడు."

తేదీ సరిచేసి మళ్ళీ ప్రింటు ఇచ్చాను. ఆమె దాన్ని దరఖాస్తుకు జతచేసింది. నేను చెత్తబుట్టలో వేయబోయిన మొదటి కాగితాన్ని మాత్రం అడిగి తీసుకుని, మడిచి పర్సులో పెట్టుకుంది.

నా పుట్టినరోజూ జూన్ ఒకటే. మీలో జూన్ ఒకటి వాళ్ళుంటే అసలు ఎప్పుడు పుట్టారో మీ అమ్మల్ని అడిగి కింద కామెంట్లో రాయండి. నేను ఇంటికి రాగానే అడిగాను. "ఆ దినం వాన పడిందిరా" అంది మా అమ్మ, అంతకు మించి గుర్తు లేదట. కరువు ప్రాంతం, మన వైపు వాన పడిన రోజులు ఎన్నని, వెతికితే ఆ తేదీ దొరక్కపోదు.