నూట ఎనభై ఒకటో రోజు

నాకు ఓటు లేని దేశం గురించి ఇన్ని అభిప్రాయాలు ఉండటం న్యాయమా అని నన్ను నేను చాలాసార్లు అడిగాను. పద్నాలుగేళ్లుగా ఋషికొండ మీది ఒక కార్యాలయంలో కూర్చుని, అమెరికాలో బీమా సంస్థలు నిరాకరించిన వైద్య దరఖాస్తుల మీద అప్పీళ్లు తయారుచేయడం నా ఉద్యోగం. అక్కడి ఆసుపత్రులు ఆ పనిని మా సంస్థకు అప్పగిస్తాయి. రోజుకు సగటున పదకొండు దస్త్రాలు. ఒక్కొక్క దస్త్రంలో ఒక మనిషి ఉంటాడు, పేరు తెరమీద సగం మూసి ఉంటుంది, వయసూ జబ్బూ మాత్రం పూర్తిగా కనిపిస్తాయి. ఇంతమంది రోగాలు చదివినవాడికి ఆ దేశం మీద అభిప్రాయం లేకుండా ఉండటం సాధ్యం కాదు.

నా డైరీలో మార్చి పదకొండున ఇలా ఉంది: "స్త్రీ, యాభై మూడు. బడి బస్సు నడుపుతుంది. ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బు. మాత్ర నిరాకరణ నవంబరు ఇరవై ఆరు. అప్పీలుకు గడువు నూట ఎనభై రోజులు. ఆఖరి రోజు మే ఇరవై అయిదు, సోమవారం." లెక్క రెండుసార్లు వేశాను. అది సరైనదే. ఈనాటికీ సరైనదే.

ఆ జబ్బును నయం చేసే మందు లేదు. ఊపిరి తరిగిపోయే వేగాన్ని తగ్గించే మాత్ర ఒకటి ఉంది. పోయిన ఊపిరి తిరిగి రాదు. ఆమెకు రెండేళ్లుగా ఆ మాత్ర అందుతూనే ఉండేది. బడి బస్సుల కాంట్రాక్టు వేరే యజమాని చేతికి వెళ్లింది, దానితో ఆమె బీమా సంస్థ మారింది. కొత్త సంస్థ ముందు చవక మందు వాడి, అది పనిచేయలేదని నిరూపించమంది. ఆ చవక మందు ఆమె మూడేళ్ల క్రితమే వాడి, పనిచేయక మానేసింది. ఆ రుజువు పాత వైద్యుని దగ్గర ఉంది. మనిషి ఊపిరిని ఉద్యోగానికి కట్టి, ఉద్యోగం మారిన ప్రతిసారీ జబ్బును మళ్లీ మొదటి నుంచి నిరూపించుకోమనడం నా దృష్టిలో క్రూరత్వం. ఈ మాటను నేను మర్యాదగా చెప్పే మార్గం వెతికాను, దొరకలేదు.

దస్త్రంలో ఆమె చేతిరాత ఉత్తరం ఒక పేజీ ఉంది. బస్సు తలుపు మీట లాగితే ఆయాసం వస్తోందని, పిల్లలు గమనించకుండా అద్దంలోకి చూస్తున్నట్టు నటిస్తున్నానని రాసింది. చివర ఒక వాక్యం: ఈ ఉత్తరాన్ని చదివేది నా దేశంలో ఉన్న ఒక మనిషి అయితే బాగుండును.

నా పక్క బల్ల దగ్గర పనిచేసే అమ్మాయి దాన్ని నా భుజం మీదుగా చదివింది. వాళ్ల నాన్నకు వన్‌టౌన్‌లో కుట్టుమిషన్లు బాగుచేసే దుకాణం ఉంది.

"అంటే మనం మనుషులం కామా సార్?" అంది.

"ఆవిడకి మన సంగతి తెలీదులే అమ్మా."

"మెషీన్లనుకుంటన్నారేమో. మెషీనైపోతే మంచిదే సార్, పాడైతే మా నాన్న బాగుచేసేస్తాడు."

నవ్వాను కానీ, ఆ వాక్యం నాకు గుచ్చుకుంది. బయటి దేశాలకు పని పంపే సంస్థల మీద పన్ను వేయాలని అక్కడ మాట లేచిన రోజులవి. ఆ రోజు డైరీలో కోపంగా రాశాను: "జాగ్రత్తకు దేశం లేదు. వాళ్ల దస్త్రాన్ని వాళ్లకన్నా శ్రద్ధగా చదివేవాడు ఇక్కడున్నాడు." అక్షరాలు పేజీ వెనక్కి దిగేంత గట్టిగా నొక్కి రాశాను.

అదే పేజీ కింద మా బావ సంగతి ఉంది. అక్క భర్త. పద్మనాభంలో వరి పండిస్తాడు, పండించేవాడు. రెండు మూత్రపిండాలూ చెడిపోయాయి. సోమ, బుధ, శుక్రవారాలు తెల్లవారుజామున బస్సెక్కి నగరంలోని పెద్దాసుపత్రికి వస్తాడు. నాలుగు గంటలు యంత్రం పక్కన పడుకుంటాడు. కుదిరిన రోజు నేను పూట సెలవు పెట్టి పక్కన కూర్చుంటాను, డైరీ అక్కడే రాసుకుంటాను.

"ఏటి బావా రాస్తన్నావు? నా రక్తం ఎన్ని శేర్లు తిరిగిందో లెక్కా?"

"ఆఫీసు సంగతి. అమెరికాలో ఒకావిడకి మందు ఇవ్వనన్నారు."

"అక్కడ కూడా ఇయ్యరా? మరందరూ అక్కడికే పోదామంటారేటి?" అన్నాడు. మళ్లీ తనే, "ఆవిడకెవులున్నారు?" అన్నాడు.

"నేనున్నాను."

"అయితే మరి పర్లేదులే. మా పెళ్లిలో కందిపప్పు గింజలు కూడా లెక్కెట్టినోడివి" అని కళ్లు మూసుకున్నాడు.

బావకు ప్రభుత్వ కార్డు మీద ఈ చికిత్స ఉచితం. ఎవరూ ఏ రుజువూ అడగలేదు. అయినా నేను దీన్ని గొప్పగా చెప్పబోవడం లేదు. ఆ బడి బస్సామెకు కావలసిన మాత్ర మా కార్డు జాబితాలో ఉందేమోనని బావ ఉన్న వార్డులోని వైద్యుని అడిగాను. లేదన్నాడు. అక్కడ ఉన్న మందుకు నిరాకరణ పత్రం వస్తుంది. ఇక్కడ మందే ఉండదు కనుక పత్రమూ ఉండదు. అక్కడ నిరుపేదల బీమాకు నెలకు ఎనభై గంటలు పని చేసినట్టు చూపించాలని చట్టం చేశారు, అది అమలులోకి రావలసి ఉంది. చదివిన రోజే అనుకున్నాను: పనిచేయలేని మనిషి, పనిచేయలేనని నిరూపించడానికి ఎన్ని గంటలు పనిచేయాలో ఆ చట్టం రాసినవారు ఎప్పుడైనా లెక్క వేశారా? ఇంకొకటి కూడా అనుకున్నాను, అది ఎవరికీ చెప్పలేదు. ఆ దేశంలో నిరాకరణలు ఆగిపోతే మా అంతస్తులో దీపాలు ఆరిపోతాయి. ఆ అన్యాయం మీదే నేను అన్నం తింటున్నాను.

ఏప్రిల్ ఇరవై ఎనిమిదిన పాత వైద్యుని కాగితాలు వచ్చాయి. దస్త్రం పంపడానికి సరిపోతుంది. నేను పంపలేదు. మే మూడోవారంలో ఆమెకు కొత్తగా ఊపిరి పరీక్ష ఉంది. నవంబరులో వందకు అరవై ఆరు. మందు లేకుండా ఆర్నెల్లు గడిచాక ఎంత పడిందో చూపిస్తే వారు కాదనలేరని నా నమ్మకం. పాపం, బదులు డ్రైవరు దొరకక ఆమె ఆ పరీక్షను ఒక వారం వాయిదా వేసుకుంది. మే ఇరవై ఒకటిన పక్క బల్ల అమ్మాయి అడిగింది:

"ఉన్నవి పంపేద్దాం సార్. టెస్టు వచ్చాక మళ్లీ పంపొచ్చు కదా."

"అతుకులేసి పంపకూడదమ్మా. ఒక్కసారే పంపాలి, పూర్తిగా పంపాలి."

"అతుకేసిన బట్టైనా చలికి పనికొస్తాది సార్."

"ఇంకా నాలుగు రోజులుంది. సోమవారం పనిదినమే. మంగళవారం వాళ్లకి సెలవు. అది కూడా చూసుకున్నాను" అన్నాను. చూసుకున్నాననే అనుకున్నాను.

పరీక్ష ఫలితం మాకు శనివారం ఉదయం చేరింది. శని, ఆదివారాలు కార్యాలయం మూసి ఉంటుంది. సోమవారం పొద్దున బావ దగ్గర కూర్చుని, మధ్యాహ్నం ఋషికొండ చేరి, తెర తెరిచాను. యాభై ఎనిమిది. ఆర్నెల్లలో ఎనిమిది పోయాయి. ఆ ఎనిమిదిని అప్పీలు మొదటి వాక్యంలోనే పెట్టి, నలభై మూడు పేజీలు ఫ్యాక్సు చేశాను. చేరినట్టు రసీదు వచ్చింది. నా వృత్తిలో అంతకన్నా మంచి అప్పీలు రాయలేదని ఆ రోజు డైరీలో ఉంది.

జూన్ మూడున జవాబు వచ్చింది. అయిదు పంక్తులు. సెలవుదినాన అందిన పత్రాలను మరుసటి పనిదినాన అందినట్టు పరిగణిస్తామని, ఈ పత్రాలు మే ఇరవై ఆరున, అనగా నూట ఎనభై ఒకటో రోజున అందాయని, గడువు సెలవుదినాన ముగిస్తే అంతకుముందు పనిదినమే ఆఖరని, అందువల్ల విషయంలోకి వెళ్లడం లేదని. యాభై ఎనిమిది అన్న అంకెను ఎవరూ చదవలేదు.

నాకు అర్థం కాలేదు. సెలవు ఇరవై ఆరున కదా! డైరీ మొదటి పేజీ తీశాను. ప్రతి ఏడాదీ జనవరి ఒకటిన వాళ్ల సెలవుల జాబితా రాసుకుంటాను. అందులో నా చేతిరాతతోనే ఉంది: యుద్ధాల్లో చనిపోయిన సైనికులను తలచుకునే రోజు, మే ఇరవై ఆరు. అమ్మాయి తన ఫోనులో చూసి, తలెత్తకుండా చెప్పింది.

"అది తేదీ కాదు సార్. మే నెలలో ఆఖరి సోమవారం. పోయినేడు ఇరవై ఆరు. ఈ ఏడు ఇరవై అయిదు."

ప్రతి జనవరిలోనూ కొత్త క్యాలెండరు పక్కన పెట్టుకుని ఆ జాబితాను సరిచూస్తాను. ఈ జనవరి ఒకటిన బావను మొదటిసారి యంత్రం దగ్గరికి తీసుకెళ్లాం. ఆ వార్డు బయట బల్ల మీద కూర్చుని, పాత డైరీలోంచి కొత్త డైరీలోకి ఎక్కించాను. మన పండగలు తిథిని బట్టి కదులుతాయని పంచాంగం చూస్తాను. వాళ్ల రోజులు తేదీకి కట్టుబడి ఉంటాయని చేయి నమ్మింది. నవంబరులో గురువారం వచ్చే వాళ్ల పండగ తేదీ ఏటా కదులుతుందని తెలిసినవాణ్ణే, అయినా ఇదీ కదులుతుందని గుర్తు రాలేదు. మా కార్యాలయానికి ఆ రోజు సెలవు లేదు. ఆ సోమవారం ఋషికొండ మీద మామూలు సోమవారమే.

అప్పుడు ఆమె వాక్యం గుర్తొచ్చింది. నా దేశంలో ఉన్న ఒక మనిషి. ఆ దేశంలో చదువు రానివాడికి కూడా ఆ సోమవారం ఒంట్లో తెలుస్తుంది, మనకు ఉగాది తెలిసినట్టు. వాడు శుక్రవారమే పంపి ఇంటికి వెళ్లిపోయేవాడు. మార్చి పదకొండు పేజీ తీసి, నేను నొక్కి రాసిన మాట చదివాను. జాగ్రత్తకు దేశం లేదట.

మేనేజరు నన్ను లోపలికి పిలిచాడు. నాకన్నా చిన్నవాడు, మంచివాడే.

"ఆలస్యానికి కారణం చూపిస్తే ఒక్కోసారి ఒప్పుకుంటారు మాస్టారూ. టెస్టు లేటయిందని రాయండి. ఆవిడే వాయిదా వేసుకుంది కదా. అబద్ధం కూడా కాదు."

"అది కారణం కాదు. దస్త్రం ఏప్రిల్ నుంచి సిద్ధంగా ఉంది. నేనే ఆపాను."

"మన తప్పని రాస్తే హాస్పిటల్ కాంట్రాక్టు పోద్దండీ. ఈ ఫ్లోర్‌లో అరవై మందిమి. ఇప్పటికే అక్కడ, పని వెనక్కి తెచ్చేసుకుందామంటన్నారు."

ఏ కారణం చూపాలా అని ఆ రాత్రంతా తూచాను అని రాస్తే అబద్ధమవుతుంది. బల్ల దగ్గరికి వచ్చి, పది నిమిషాల్లో, జరిగింది జరిగినట్టు రాశాను: దస్త్రాన్ని ఆపింది నేను, సెలవు తేదీ తప్పు రాసుకున్నది నేను, రోగి చేయవలసినదంతా సమయానికి చేసింది. అమ్మాయి చదివి, ఒక్క మాట మార్చకుండా పంపింది. మేనేజరుకు నేనే వెళ్లి చెప్పాను. ఆయన కోప్పడలేదు. "ఆవిడకైనా పనికొస్తే బాగుణ్ణు" అన్నాడు. సాయంత్రానికి నన్ను అప్పీళ్ల నుంచి తప్పించి, చిరునామాలు సరిచూసే పనిలో పెట్టాడు.

పనికిరాలేదు. జూన్ ఇరవై నాలుగున రెండో జవాబు వచ్చిందని అమ్మాయి నా కొత్త బల్ల దగ్గరికి వచ్చి చెప్పింది. రోగి తరఫున పనిచేసేవారి పొరపాటు రోగి పొరపాటుగానే లెక్కకు వస్తుందట. బీమా సంస్థ లోపలి అప్పీలు గడువులో పడలేదు కనుక, సంస్థతో సంబంధం లేని బయటివారి విచారణకూ దారి లేదట. నేను నిజం రాసింది నా మనశ్శాంతికా, ఆమె ఊపిరికా అని అప్పటి నుంచి ఆలోచిస్తున్నాను. ఆ తెలివైన అబద్ధం రాసి ఉంటే ఆమెకు మందు వచ్చేదేమో. వచ్చేది కాదేమో. ఈ ఒక్క లెక్క నాకు తేలడం లేదు.

ఇరవై ఆరు, శుక్రవారం, బావ దగ్గర కూర్చున్నాను. డైరీ తీయలేదని ఆయనే గమనించాడు.

"ఏటయ్యింది? ఆవిడకి మందిచ్చారా?"

"లేదు. ఇంక ఇవ్వరు."

"ఎందుకూ?"

"ఒక్కరోజు ఆలస్యంగా పంపాను."

బావ యంత్రం వైపు చూశాడు. గొట్టంలో తన రక్తం తిరుగుతోంది. "ఒక్కరోజుకా?" అన్నాడు. "నానొక్క వారం రాకపోతే పోతాను గానీ, రేపొస్తే ఈళ్లు నన్ను పొమ్మనరు బావా."

"అక్కడ పొమ్మంటారు."

"మరి నువ్వేనని ఆవిడకి తెల్సా?"

తెలియదు. తెలిసే మార్గం లేదు. ఆమెకు ఫోను చేయడం మా నిబంధనలకు విరుద్ధం. ఆమెకు అందే ఉత్తరంలో గడువు దాటింది అని మాత్రమే ఉంటుంది, ఎవరు దాటించారో ఉండదు. మీట లాగి, తలుపు తెరుచుకునేదాకా అద్దంలోకి చూస్తూ, తాను ఏ కాగితం పంపడం మరిచానా అని ఆమె తనలోనే వెతుక్కుంటుంది.

"సెప్పవేటి బావా?"

"తెలీదు" అన్నాను.

ఆయన సూది లేని చేతిని చాపి, నా సంచిలోంచి డైరీ తీసి, నా ఒళ్లో పెట్టాడు. తెరిచాను. మందు లేని రోజులు, నవంబరు ఇరవై ఆరు నుంచి ఆ రోజు వరకు, రెండు వందల పన్నెండు. రెండుసార్లు లెక్క వేసి రాశాను.