రెండో భాగానికి సంగీతం

ఖైజర్ ఇప్పుడు ఎదుటివాళ్ల కళ్లలోకి చూడడు, పెదవులనే చూస్తాడు. కుడిచేత్తో కీబోర్డు వాయిస్తూ ఎడమ అరచేతిని స్పీకరుకు ఆనించి ఉంచుతాడు. గోదావరిఖని మొత్తాన్ని నవ్వించిన కామెడీ సినిమాకు సంగీతం అతనిదే. పిలిస్తే పలకడం లేదని, పేరొచ్చి పొగరెక్కిందని రెండో భాగం ఇంకొకరికి ఇస్తున్నారు. అది తెలిసి ఖైజర్, దర్శకుడు జగదీశ్వర్ ఉండే గదికి కీబోర్డు మోసుకొచ్చాడు. "ఒక్కసారి ఇను అన్నా, గిది గూడ పోతె నేనేం గావాలె?" అని బతిమాలి, కళ్లు మూసుకుని మొదలుపెట్టాడు. అంతలో ఓపెన్‌కాస్టు బొగ్గుగనిలో బ్లాస్టింగు సైరన్ మోగింది. అది మోగితే ఈ ఊళ్లో ఎవరైనా రికార్డింగు ఆపాల్సిందే. జగదీశ్వర్ చెయ్యెత్తాడు. ఖైజర్ వాయిస్తూనే ఉన్నాడు. నేల అదిరాక ఉలిక్కిపడి కళ్లు తెరిచాడు.

"సైరన్ ఇయ్యకుండనే పేల్చిర్రా అన్నా?"

జగదీశ్వర్ అతని ఎదురుగా వచ్చి కూర్చుని, పెదవులు బాగా కనబడేలా, నిదానంగా అన్నాడు: "అవు తమ్మీ, ఇయ్యలే."