శోభారాణి నాలుగో పేజీ

మదనపల్లెలో కేబుల్ నడిపిన మునిరాజుకు సినిమాల కంటే అక్షరాల చానల్ మీదే ప్రాణం. కొళాయి నీళ్లు వచ్చే వేళ, టమోటా ధర, తప్పిపోయిన ఆవు, చావు కబురు అన్నీ కంప్యూటర్‌లో కొట్టి వదిలితే, పది పేజీలు టీవీల్లో రోజంతా ఒకదాని వెనక ఒకటి తిరిగేవి. తెలుగు మాటల్నే ఇంగ్లీషు అక్షరాలతో కొట్టేది అతని భార్య శోభారాణి, కుప్పం పిల్ల. నాలుగో పేజీ అడుగున మొగుడికి ఒక పిలుపు తగిలించేది. తెర మీదైనా సరే మొగుడి పేరెత్తేది కాదు, కూతురి పేరుతోనే పిలిచేది.

"పోప్పా, నీ పెండ్లాం అన్నానికి పిలస్తాండాది," అని ఊరంతా ఆటపట్టించేది. మునిరాజు సిగ్గుపడుతూనే మురిసిపోయేవాడు.

మా ప్రకటన వెయ్యలేదని తగవుకొచ్చేవాళ్లకు చూపించడానికి ఆ పేజీల్ని రోజూ వీడియో టేపులోకి ఎక్కించేవాడు.

1997లో ఒకనాడు పొద్దున పేజీలన్నీ కొట్టి ఇంటికి పోయిన శోభారాణి, మధ్యాహ్నం పొయ్యి దగ్గరే కూలిపోయింది. మునిరాజు తెగిన తీగ అతికించుకుంటూ ఆలస్యంగా వెళ్లాడు. అప్పటికే అయిపోయింది. కూతురు నవనీతకు అప్పటికి రెండేళ్లు.

ఆ తర్వాత పదేళ్లకు ఆ నవనీతే అడిగింది. "అమ్మ ఏం రాసేదో ఒకసారి సూపీ నాయనా."

అటక మీద డెబ్బై టేపులు, అన్నిటికీ తెల్లగా బూజు. బూజు పడితే ఏం చేస్తాం? ఎండలో పెడతాం. ఏమంటాం ఆ మనిషిని! మిరపకాయలు ఆరబోసే మిద్దె మీద, ఏప్రిల్ ఎండలో, తన చేతులతోనే పరిచాడు.

తర్వాత వాటిని గోతంలో వేసుకుని, కూతురితో పుంగనూరు బస్సెక్కాడు. వీసీఆర్లు బాగుచేసే అంజినప్ప ఒక్కొక్కటే పెట్టి చూశాడు. లోపలి రీళ్లన్నీ ముడతలు పడిపోయాయి.

"ఎండలో యాల పెట్టినావప్పా? నన్నొక మాట అడగకూడదా?"

మునిరాజు తల బాదుకుని ఏడ్చాడు. పెళ్లాన్ని రెండోసారి చంపుకున్నానన్నాడు.

చివరికి, నీటితొట్టి నీడన పడి మిగిలిన ఒక్క టేపు ఆడింది. తెర మీద గీతలు, చుక్కలు. రెండో పేజీలో శోభారాణి చావు కబురు కనిపించింది. ఆ సాయంత్రం మునిరాజే కొట్టింది. ఆ ఒక్క పేజీనే మార్చాడు, మిగతావి ముట్టలేదు. మూడో పేజీ పోయి నాలుగోది వచ్చింది. నవనీత కూడబలుక్కుని చదివింది.

"నవనీత వాళ్ల నాయనా, అన్నం ఆరిపోతాండాది, రా."

పాడె లేచేదాకా ఊరంతా ఈ పిలుపు తిరుగుతూనే ఉందన్నమాట. ఒక్కరూ అతనికి చెప్పలేదు.

అంతలో గర్రుమని టేపు చుట్టుకుపోయి తెగింది.

"ఇంగ రాదప్పా," అన్నాడు అంజినప్ప.

మునిరాజు మెట్ల మీద కూలబడ్డాడు. ఎంతసేపటికీ లేవలేదు. నవనీత వచ్చి చెయ్యి పట్టుకుంది.

"పొద్దున్నుంచీ ఏమీ తిన్లేదు. అన్నానికి పోదాం, రా నాయనా."