మూడు చాలన్న మా వియ్యంకుడు

మా వియ్యంకుడు పోయాడని కోదాడ నుంచి మా అమ్మాయి ఫోన్ చేసింది. "నాయినా, మామయ్య పగటాల అన్నం తిని కుర్చీల కూసున్నడు. మల్ల లేవలే" అని ఏడ్చింది. నాకు మొదటి నుంచీ మాటలు తక్కువ. వస్తున్నానని ఫోన్ పెట్టేశాను. పెన్‌పహాడ్ నుంచి సూర్యాపేట వచ్చి కోదాడ బస్సెక్కాక ఒక్కటే అనుకున్నాను. మంచం పట్టలేదు, బాధపడలేదు. ఆ మాత్రం ఊరట మాకు మిగిల్చాడు.

ఆయన మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు ఆఫీసులో పనిచేస్తూ కంప్యూటర్ నేర్చుకున్నాడు. నేను ఊరి బడిలో ఏడు దాకా చదివాను. రోజూ పేపర్ చదవడం తప్ప నాకు వేరే కాలక్షేపం లేదు. ఇప్పుడు కుడికన్ను పూర్తిగా పోయింది, ఎడమది మసక. తెర మీదైతే అక్షరాలు పెద్దగా కనిపిస్తాయని అమ్మాయి తన పాత ల్యాప్‌టాప్ ఇచ్చింది.

అందులో పేపర్ తెరిస్తే, వార్త కంటే ముందు ఏదో ఒకటి అడిగేది. మా కబుర్లు పంపమంటారా, సరేనా అని. అడిగినవాళ్లను కాదనడం నాకు చేతకాదు. అన్నిటికీ సరే నొక్కాను. నెల తిరిగేసరికి తెర నిండా లాటరీలు, మోకాళ్ల మందులు, ఎవరెవరివో ఫొటోలు. వార్త ఎక్కడుందో దొరకలేదు. పాడు చేశానని భయపడి, మూత వేసి బట్ట కప్పాను.

వియ్యంకుడు మా ఇంటికి వచ్చినప్పుడు ఆ బట్ట తీసి చూసి పగలబడి నవ్వాడు.

"ఏంది బావగారూ, అడిగినోళ్లందరికీ సరే అన్నారా? మావాడికి పిల్లనడిగితే మాత్రం మూడు నెలలు తిప్పించుకున్నారు కదండీ!"

నేను తలవంచుకుని, "అడిగితే వద్దని ఎట్లంటం బావా" అన్నాను.

"ఇక్కడ అనొచ్చండి. ఎవరూ అలగరు."

నేనిచ్చిన అనుమతులన్నీ ఒక్కొక్కటే తీసేశాడు. తర్వాత బ్రౌజర్‌కు మూడు ఎక్స్‌టెన్షన్లు, అంటే దానికి తగిలించే చిన్న పనిముట్లు, పెట్టాడు. ప్రకటనలు ఆపేది ఒకటి. వార్త తప్ప మిగతాదంతా తీసేసి అక్షరాలు లావుగా చూపేది ఇంకొకటి. మూడోది వార్తను తెలుగులో పైకి చదువుతుంది. ప్రతిదీ ఏమేం అనుమతి అడుగుతోందో నాకు చదివి వినిపించి, నేను ఊ అన్నాకే పెట్టాడు. "ఇంకేమన్న ఉన్నయా బావా" అని ఆశగా అడిగాను. "మూడు చాలండీ. ఎక్కువైతే బండి కదలదు" అన్నాడు. నా కన్ను సంగతి నేను చెప్పలేదు, ఆయన అడగలేదు. కానీ పైకి చదివేదాని గుర్తును అన్నిటికంటే ముందు పెట్టాడు.

ఆ తర్వాత ఎప్పుడు ఫోన్ చేసినా, బాగున్నారా అనే ముందు "చదువుతోందా?" అనేవాడు. "సదువుతంది బావా" అనేవాణ్ని. మా ఇద్దరి మాటలూ అంతే. నాకు ఎంత మేలు చేశాడో ఆయన ముఖాన ఒక్కనాడూ చెప్పలేదు. అందుకే మీతో చెప్పుకుంటున్నాను.

పదకొండో రోజు కర్మ ముగించుకుని ఇంటికొచ్చి పేపర్ తెరిస్తే, చదివే గొంతు రాలేదు. ఆయనతోపాటే నా చదువూ పోయిందనుకున్నాను. తండ్రి పోయిన అల్లుడికి ఫోన్ చేసి, నా ల్యాప్‌టాప్ చదవట్లేదని ఏ ముఖంతో చెప్పను? రెండు రోజులు ఊరుకున్నాను.

మూడో రోజు భూతద్దం తెచ్చుకుని కూర్చున్నాను. వియ్యంకుడు చూపించిన గుర్తు నొక్కితే ఎక్స్‌టెన్షన్ల జాబితా వచ్చింది. మూడూ ఉన్నాయి. పైకి చదివేది మాత్రం ఆగి ఉంది. దాన్ని కొత్తగా మార్చారట, మళ్లీ ఒక అనుమతి కావాలట. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివాను. మీరు తెరిచే పేజీలను చూడటానికి, అని ఉంది. పేజీ చూడకుండా ఎలా చదువుతుంది? ఇంకేమైనా అడుగుతోందేమోనని కింది దాకా వెతికాను. లేదు. అప్పుడు సరే నొక్కాను.

గొంతు వచ్చింది. హమ్మయ్య అని పైకే అన్నాను. ఆయన పెట్టిపోయింది ఎక్కడికీ పోలేదు. ఆయన లేకపోయినా నేను నడుపుకోగలను. ఈ మాట వింటే ఎంత నవ్వేవాడో!

పక్కన మా ఇంటామె చింతపండులో గింజలు తీస్తోంది.

"గా వానల ముచ్చట మల్లొక్కసారి సదవమను" అంది.

మొదటి నుంచి పెట్టాను. వేళ్లకు అంటిన చింతపండు అలాగే ఉండగా, చెయ్యి గాలిలో ఆపి, చెవి ఇటు తిప్పింది.