నెయ్యి తాగిన సాంచా

నా చిన్నప్పుడు, మావాళ్లు నేతపనికి వలస వచ్చిన లింబాయత్‌లో, మా ఇంట్లో ఎవరు ఏం చెప్పినా అరిచి చెప్పాల్సిందే. కింద గదిలో సాంచాలు ఆడుతుండేవి, పై గదిలో మేం ఉండేవాళ్లం. మరమగ్గాన్ని మావాళ్లు సాంచా అంటారు. ఆ చప్పుడులో పెరిగిన గొంతు నాది. మెల్లగా మాట్లాడమని మనవరాలు ఇప్పుడు పోరుతుంది గానీ, ఈ వయసులో నాకెక్కడ వస్తుంది!

మా ఇంట్లో ఒక ఆనవాయితీ ఉండేది. దసరాకు సాంచాలను ఆపి, తుడిచి, పసుపు కుంకుమ పెట్టేవాళ్లు. మర్నాడు మళ్లీ నడిపేముందు ఇంటికి పెద్దవాళ్లు తొలి నూనె పోయాలి. మా తాతయ్య ఉన్నన్నాళ్లూ ఆయనే పోశాడు. ఆయన పోయాక వచ్చిన మొదటి దసరాకు మా నానమ్మ ముందుకొచ్చింది. భర్త లేని చెయ్యి శుభానికి పనికిరాదని మా పెద్దమ్మ మొహం ముడుచుకుంది గానీ, అత్తగారికి ఎదురు చెప్పే ధైర్యం ఆమెకు లేదు.

అయితే నానమ్మ పోసింది నూనె కాదు, నెయ్యి. అన్నం పెట్టే సాంచాకు పండుగపూట ఆ గబ్బు నూనె ఏమిటని, కరిగించిన నెయ్యి చెంచాతో అన్నిటికంటే ముందున్న సాంచా నూనె చిల్లులో వంచింది. అక్కడితో ఆగిందా? రోజూ దీపం పెట్టాక, నైవేద్యం పెట్టినట్టు, ఆ ముందరి సాంచాకు కాస్త నెయ్యి పోస్తూ వచ్చింది. మొదట్లో అది మెత్తగానే ఆడింది. చిల్లు ఎప్పుడూ నిండుగా కనిపించేసరికి మా నాన్న, మేం బాపు అనేవాళ్లం, ఆయన కూడా దానికి నూనె పోయడం మానేశాడు.

దీపావళి దాటి పొద్దుటిపూట చలి మొదలైంది. ఒకరోజు ఆ సాంచా మూలిగింది, మాడు వాసన కొట్టింది, ఉన్నట్టుండి బిగుసుకుపోయింది. ఇరుసు ఎంత తిప్పినా కదల్లేదు. పెద్దమ్మ నోరు ఊరుకోలేదు. "ఆ చెయ్యి వెట్టొద్దని నేను అప్పుడే అనుకున్న. ఇనేటోళ్లెవరు?" అంది, నానమ్మ అక్కడే ఉండగా.

అందరి నోళ్లూ మూయించే మా నానమ్మ కొంగు కప్పుకుని పై గదికి వెళ్లిపోయింది. ఆ రోజు నుంచి కిందికి దిగలేదు. దీపం కూడా పెట్టలేదు. జడ వేయమని నేను వెళ్లి కూర్చుంటే, "మీ అమ్మతోని ఏపిచ్చుకో బిడ్డా" అని చేతులు కొంగులో దాచుకుంది. నాకు ఏడుపొచ్చింది. ఆ చేతుల్లో నిజంగానే ఏదో చెడు ఉందేమోనని కొంచెం భయం కూడా వేసింది.

బాపు ఇరుసు ఊడదీసి చూశాడు. లోపల నెయ్యి మైనంలా గట్టిపడి, దారపు నూగుతో కలిసి ముద్దగట్టింది. ఆయన ఎవరితోనూ వాదించలేదు. రెండు స్టీలు పళ్లేలు తెచ్చాడు. ఒకదాంట్లో పెద్దమ్మ చేత నెయ్యి పోయించాడు. నానమ్మను బతిమాలి కిందికి తీసుకొచ్చి, రెండోదాంట్లో ఆమె చేత సాంచా నూనె పోయించాడు. రెండింటినీ నూగు ఎగిరే చోట పెట్టి, ఆదివారం దాకా ఎవరూ ముట్టొద్దన్నాడు. బడికి పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ వాటిని తొంగిచూడటమే నా పని.

ఆదివారం పొద్దున అందరినీ పిలిచాడు. ముందు నన్ను అరచేతులు రుద్దుకోమన్నాడు. చుర్రుమన్నాయి. తర్వాత ఒక చుక్క సాంచా నూనె వేసి రుద్దమంటే, చేతులు జర్రున జారాయి.

"ఇనుము ఇనుమును తాకొద్దు బిడ్డా. నడుమ నూనె పొర ఉండాలె. లేకుంటే ఒకదాన్నొకటి తింటయి," అన్నాడు.

ఆ పొరకు కూడా గుణం ఉండాలట. మరీ చిక్కనైతే సన్న సందులోకి దూరదు, మరీ పల్చనైతే బరువుకు నిలవదు. చలికి గడ్డకట్టకూడదు, వేడికి మాడి జిగురు కాకూడదు, ఇనుముకు తుప్పు పట్టనివ్వకూడదు. నెయ్యి కూడా జారుతుంది గానీ, ఇవన్నీ దానివల్ల కాదు.

అప్పుడు పళ్లేలు వంచి చూపించాడు. నెయ్యి పేరుకుని, నూగు పట్టి, కదల్లేదు. నూనె మీదా నూగు పడింది గానీ, అది జారుతూనే ఉంది.

"చూడు వదినా, నీ చేతితోని పోసింది పేరుకున్నది. అవ్వ చేతితోని పోసింది పారుతున్నది. మరి తప్పు చెయ్యిదా, నెయ్యిదా? చూసుకోకుంట ఇడిసిపెట్టిన, నాది సుత తప్పే."

పెద్దమ్మ గూట్లోంచి ముక్కున్న నూనె డబ్బా తెచ్చి అత్తగారి చేతిలో పెట్టింది. "నువ్వే పొయ్యాలె అత్తమ్మా," అంది.

నానమ్మ ఏడుస్తూనే పోసింది. సాంచా ఆడింది. తర్వాత చేతులు కొంగుకు తుడుచుకుని, నన్ను లాక్కుని జడ వేసింది. ఆ జడకు నూనె వాసన ఎంతకీ వదల్లేదు, బడిలో పిల్లలు ముక్కు మూసుకున్నా నాకు గొప్పగానే ఉండింది.

ఇప్పుడు మేం ఆ పక్కనే డిండోలిలో ఉంటున్నాం; మెట్టినింట్లోనూ సాంచాలే, అదే ఆనవాయితీ. మా ఆయన పోయి ఏడాది కావస్తోంది. మొన్న దసరా మర్నాడు సాంచాల దగ్గర అందరూ చేరారు, తొలి నూనె ఎవరు పోయాలో ఎవరూ నోరు విప్పరు. చూసి చూసి, నేనే వెళ్లి డబ్బా అందుకున్నాను. మా కోడలు తడబడింది. "అత్తమ్మా, మీరా?" అంది.

"నేనే. నెయ్యి పోస్తలేను గద, భయపడకు," అన్నాను.

డబ్బా వంచాను. నూనె సరిగ్గా చిల్లులోనే పడింది.