ఆర్మీన్ బంతికి పదును లేదన్న మనిషి

కేప్ టౌన్‌లో హెర్బర్ట్ క్లూట్ ఆడని ఆట లేదు. చలికాలమంతా రగ్బీ, ఎండలు ముదిరితే క్రికెట్, మధ్యలో పరుగు పందేలు. అతను బ్యాటింగ్‌కు దిగుతున్నాడంటే ఓడరేవు గుమాస్తాలు పని ఎగ్గొట్టి వచ్చేవారు.

ఆ బ్యాటింగ్‌కు సాన పట్టింది మలయ్ పేట దర్జీ ఆర్మీన్. నాలుగేళ్లుగా రోజూ సాయంత్రం అతనే క్లూట్‌కు బంతులు వేసేవాడు. పిచ్‌గా పరిచిన చాప మీద ఆ బంతి పడితే ఎటు లేస్తుందో దేవుడికే తెలియాలి.

ఇంగ్లండ్ వెళ్లే జట్టును ఎంచే రోజున ఆర్మీన్ పేరు కూడా వచ్చింది. కమిటీ పెద్దలు ఇబ్బందిగా కదిలారు.

"ఓడలో మన తెల్లవాళ్ల భోజనాల దగ్గర అతన్ని ఎక్కడ కూర్చోబెడతాం?" అన్నాడొకాయన. ఇంకొకాయన క్లూట్ వైపు తిరిగాడు. "రోజూ ఆడేవాడివి, నువ్వు చెప్పవోయ్. పనికిరాడంటే మాకీ తలనొప్పి ఉండదు."

"వేగం ఉంది గాని, పదును లేదండి," అన్నాడు క్లూట్.

అంటూనే అతని చెవులు వేడెక్కాయి. అయినా మాట వెనక్కి తీసుకోలేదు. ఉపనాయకుడి పదవి అతనికే దక్కింది. మర్నాడు పేపర్లో ఆ మాట అతని పేరుతోనే అచ్చయింది.

జట్టు కోట్లు కుట్టే పని ఆర్మీన్‌కే వచ్చింది. కొలతలకు క్లూట్ వెళ్లక తప్పలేదు. ఆర్మీన్ టేపు భుజం మీద వేసుకుని లేచాడు.

"చెయ్యి ఎత్తండి దొరా."

క్లూట్ ఎత్తాడు. ఎంతకీ అవతలి మనిషి ఆ ఊసు ఎత్తకపోయేసరికి ఉండబట్టలేక, "నేను అబద్ధం చెప్పాను, ఆర్మీన్," అన్నాడు.

"తెలుసు. రోజూ పడిపోయిన మీ వికెట్లు లేపి పాతింది నేనే కదా. ఇటు తిరగండి."

ఆ కోటు ఒంటికి అతికినట్టు కుదిరింది. ఎక్కడా ఒక్క కుట్టు వంకర పోలేదు. ఇంగ్లండ్‌లో దాన్ని తొడుక్కున్నప్పుడల్లా క్లూట్‌కు అద్దంలో చూసుకోబుద్ధి అయ్యేది కాదు. తిరిగొచ్చాక ఆర్మీన్ మళ్లీ బంతులు వేయడానికి రాలేదు. రమ్మని పిలిచే ముఖం క్లూట్‌కూ లేదు.

అరవయ్యో ఏట క్లబ్బువాళ్లు సన్మానం చేశారు. ఆర్మీన్ అప్పటికి చనిపోయి రెండేళ్లు. ఈసారైనా ఆ పేరు చెప్పాలనుకునే క్లూట్ లేచాడు. ముందు వరసలో పాత కమిటీ పెద్దల్లో మిగిలినవాళ్లు చిరునవ్వుతో చూస్తున్నారు. అందరికీ కృతజ్ఞతలు చెప్పి కూర్చున్నాడు. చప్పట్లు ఆగేదాకా తల ఎత్తలేదు.